అమ్మ శనివారాలు

శుక్రవారం పొద్దుగూకేలోగా రెండు రోజుల వంట అయిపోవాలి. చీకటి పడ్డాక మర్నాడు సాయంత్రం దాకా యూదుల ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు మరి. విశ్రాంతి దినం దేవుడు అందరికీ ఇచ్చాడంటారు గానీ, శనివారం తినే చేపల పులుసు శుక్రవారం ఎవరు కాచాలో చెప్పడం మరిచిపోయినట్టున్నాడు. గుంటూరులో పేపరు డెస్కులో పనిచేసే మిర్యాముకి ఈ వంట అయ్యాక శనివారం డ్యూటీ కూడా ఉంటుంది. "ఉద్యోగం కదా, నీకు తప్పదు. దేవుడు అర్థం చేసుకుంటాడులే," అంటాడు భర్త హనోకు, తను మాత్రం తెల్లబట్టలు వేసుకుని ప్రార్థనకి సమాజమందిరానికి బయల్దేరుతూ.

ఆ మాట వినీవినీ ఆమె మొదటి నవల మొదలుపెట్టింది. మిర్యాము వాళ్ల నాన్న, బతికున్నన్నాళ్లూ వాళ్ల పల్లెలోని కాసిని యూదు కుటుంబాలకూ పెద్ద. నలభై ఏళ్లలో ఒక్క శనివారమూ పని ముట్టలేదని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారే, ఆ ఇల్లు కరగలేదంటే అమ్మ దేవకుమారి శనివారాలు కూడా మిరపకోతకి పోబట్టే. వచ్చాక మంట తగ్గడానికి చేతులు మజ్జిగలో పెట్టుకుని కూర్చునేది. మిర్యాము ఆరేళ్లపాటు తెల్లవారుజామున లేచి అదంతా రాసింది. విజయవాడలో ఒక ప్రచురణకర్త వేస్తానన్నాడు.

హనోకు చదివి మండిపడ్డాడు. "మీ అమ్మ విశ్రాంతి దినాన కూలికి పోయిందని అచ్చేయిస్తావా? ఇప్పటికే బయటివాళ్లు మనల్ని దొంగ యూదులంటున్నారు. ఆ ఒక్క అధ్యాయం పీకెయ్."

అమ్మ నోటితో నిజమనిపిస్తే హనోకు నోరు మూతపడుతుందనుకుని, మిర్యాము పల్లెకెళ్లి ఆ అధ్యాయం చదివి వినిపించింది. దేవకుమారి తల అడ్డంగా ఊపింది.

"నేనెప్పుడెళ్లానే కోతకి? శనివారం గడప దాటలా."

"నన్ను చంకనేసుకునే కదమ్మా వెళ్లావు!"

"దాటలేదనే రాయి తల్లీ. రేపు నేను పోతే మీ నాన్న సమాధి పక్కన పూడ్చాలంటే ఆ పెద్దలు ఒప్పుకోవాలి గదే."

మిర్యాముకి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. జీవితమంతా ఆయనకి అన్నం పెట్టిన మనిషి, ఆయన పక్కన ఆరడుగుల నేల కోసం తన కష్టాన్ని తనే కాదంటోంది. ఇక ఎవరితో వాదించాలి?

ఇంటికొచ్చి ఆ అధ్యాయం తీసేసింది. మిగిలినదంతా మొదటినుంచి చదివింది. నాన్న ప్రార్థన చేస్తున్నాడు, విశ్రాంతి తీసుకుంటున్నాడు, వేళకి అన్నం తింటున్నాడు. ఆ అన్నం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎక్కడా లేదు.

ప్రచురణకర్తకి ఫోన్ చేసింది. "నవల వెయ్యొద్దండి."

"అదేంటమ్మా, మొదటి పుస్తకం కదా! ఎందుకూ?"

"చదివినవాళ్లు నిజమని నమ్ముతారండి."