మూడు పిడికిళ్ళ మట్టి

ప్రొక్లైన్ వచ్చిన రోజుకు మా చేలో మొక్కజొన్న పాలు పట్టింది. గింజను గిల్లితే తెల్లటి చుక్క వచ్చేది. ఇంకో ఇరవై రోజులు ఆగితే చేతికొచ్చే పంట. యంత్రం ఆగలేదు. మా గూడెం మేడివాగు గుంపుకూ మా పోడుకూ మధ్య, వాగు నుంచి గుట్ట దాకా నేలను చీల్చుకుంటూ పోయింది. మనిషి నిలువు లోతు. ఎగిరి దూకలేని వెడల్పు. తవ్విన మట్టంతా మా ఇళ్ళ వైపు కట్టలాగా పోసింది. పొద్దుగూకేసరికి చేను అవతల, మేము ఇవతల.

"ఇగ దాటినోని మీద కేసే," అన్నాడు రేంజర్ సాంబమూర్తి, జీపు దిగకుండానే. "అవతల ఉన్నది సర్కారు అడవి."

"అవతల ఉన్నది మా కూడు సారూ," అంది జంపక్క.

"కూడు కావాలంటే రేషన్ షాపుల అడుక్కో."

జంపక్క కోయామె. మాటకు మాట బాకీ ఉంచుకునే మనిషి కాదు. ఆ మాటకు మాత్రం కొంగు బిగించుకుని వెనక్కి తిరిగింది. ఆమె వెనక్కి తిరగడం చూసినప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది.

ఇది 2004 ఆగస్టు సంగతి. గోదావరి దాటి భద్రాచలం అడవి అంచున మా గుంపు. నలభై ఇళ్ళు. కోయోళ్ళే ఎక్కువ. మా క్రైస్తవుల ఇళ్ళు ఆరు. మా నాయన జకర్యా బొగ్గుబాయిలో కాలు విరిగి పని పోయాక ఇక్కడికొచ్చి, కోయోళ్ళ పక్కన రెండెకరాల పోడు కొట్టుకున్నాడు. నన్ను డిగ్రీ చదివించింది ఆ రెండెకరాలే. అందుకే గుంపు అర్జీలన్నీ నేనే రాసేదాన్ని. నా పేరు స్తుతి. స్తుతి రాస్తే కలెక్టర్ చదువుతాడని మావాళ్ళ నమ్మకం.

సాయిబులది ఒకటే ఇల్లు. ఖాసింబీది. అందరూ బూబమ్మ అనేవాళ్ళు. డెబ్బై ఆరేళ్ళ మనిషి ఆ రోజు కర్ర పోటేసుకుంటూ కందకం అంచు దాకా నడిచి వచ్చింది. భుజం మీద శాలువా ఉంది. ఐదు రోజుల కిందట, ఆగస్టు పదిహేనున, ఇదే సాంబమూర్తి కప్పిన శాలువా. "తెల్లదొరలను ఎదిరించిన వీరవనిత" అని మైకులో చెప్పి చప్పట్లు కొట్టించాడు.

"సారూ, ఆ ఇప్పచెట్టు కింద మా ఆయనను మట్టి చేసిన ఖబర్ ఉన్నది," అంది బూబమ్మ, చేను ఎగువకు కర్ర చూపించి. "పక్కన నాకు జాగా ఉంచుకున్న. నేను పోతే ఎట్ల దాటాలె?"

"నూరేళ్ళు బతుకుతవు గానీ ఇంటికి పో అమ్మా," అని రేంజర్ నవ్వాడు.

బూబమ్మ నవ్వలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక మా చర్చి రేకుల షెడ్డులోనే మీటింగు పెట్టుకున్నాం. నేను ఇంకో అర్జీ రాద్దామన్నాను.

"అక్కా, ఇప్పటిదాకా నువ్వు రాసిన అర్జీలన్నీ కందకంల ఏస్తే ఈ పాటికి అది పూడిపోతుండె," అన్నాడు చందర్. జంపక్క కొడుకు. షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను, సిగ్గుతో.

"పారలు పట్టుదాం," అన్నాడు చందర్. "పన్నెండు మందిమి చాలు. రేపు పొద్దుగాల మొదలుపెడితే మాపటికి పూడుస్తం."

"పన్నెండు మందా?" బూబమ్మ మూల నుంచి అడిగింది. "మరి కడమోళ్ళు ఏం జేస్తరు?"

"చూస్తరు."

"అరె బేటా, గా మాటనే వద్దు." ఆమె ముందుకు జరిగి కూర్చుంది. "నాకు పద్నాలుగేండ్లప్పుడు ఈ దిక్కంతా తెల్లోని రాజ్యం. గోదారి దాటితే నిజాంది. మా అబ్బాజాన్ గంపల గాజులు పెట్టుకొని గూడేలన్నీ తిరిగెటోడు. నేను గాజులు తొడిగేదాన్ని. తెల్లోడు అడవికి హద్దు రాళ్ళు పాతిండు. రాయి దాటి ఇప్పపువ్వు ఏరితే జుర్మానా. దొర క్యాంపుకు వస్తే కోళ్ళు ఇయ్యాలె, మోతలు మొయ్యాలె. మోసి మోసి కాయలు కాసిన చేతులకు గాజులు ఎక్కకపోయేటివి. గా చేతులు పట్టుకున్నదాన్ని నేను. నాకు ఎవరూ వచ్చి పాఠం చెప్పలే."

బూబమ్మ కర్రను ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది.

"క్విట్ ఇండియా అని పట్నాలు లేచిన యేడు మేము రాళ్ళు పీకినం. నూరు మందిమి. గడ్డపారలు ఐదే. పోలీసులు వచ్చి ఏం జేసిండ్రు? గడ్డపార ఎవరి చేతుల ఉంటే వాళ్ళనే పట్టిండ్రు. ఒకటి నా చేతుల ఉండె. రాజమండ్రి జైలుల ఆరు నెలలు. వచ్చేసరికి అబ్బాజాన్ లేడు. రాళ్ళు మాత్రం మళ్ళ ఉన్నయి."

"కడమ తొంభై ఐదు మంది ఏమైండ్రు?" జంపక్క అడిగింది.

"ఇండ్లకు పోయిండ్రు. అది ఐదుగురి పని అయిపాయె. ఐదుగురిని పట్టుడు సర్కారుకు ఎంత సేపు?"

"అప్పుడు తెల్లోడు బూబమ్మా. ఇప్పుడు మనోళ్ళే గదా," అన్నాడు చందర్.

"మనోళ్ళా? వాగు కాడి రాయిని పోయి చూడు. దాని మీది సున్నం కొత్తది. రాయి అదే."

ఆమె మాట అందరికీ నచ్చింది. ఎవరూ వినలేదు. కంకులు కళ్ళ ముందు ముదురుతుంటే పాత జైలు కథ ఎవరికి కావాలి? తెల్లవారి పన్నెండు మంది పారలు పట్టారు. అందులో చందర్, బూబమ్మ కొడుకు జానిమియా, కుంటుకుంటూ మా నాయన. మేము కట్ట మీద నిలబడి చూశాం. గంటలో నాలుగు గజాలు పూడింది. తరువాత మూడు జీపులు వచ్చాయి.

కేసు కాగితం నేనే చదివి వినిపించాల్సి వచ్చింది. "మారణాయుధములు, పారలు పన్నెండు" అని ఉంది. నాయన పార పిడి మీద నా చిన్నప్పటి గీతలున్నాయి. దానికి చీటీ కట్టి జీపులో వేశారు. పన్నెండు మందినీ భద్రాచలం సబ్ జైలుకు పంపారు. ప్రొక్లైన్ మళ్ళీ వచ్చి ఆ నాలుగు గజాలూ తవ్వేసింది. ఇక ఏ ఇంట్లోనూ పార బయటికి తీయలేదు. కొడవలిని కూడా చూరులో దాచారు.

మర్నాడు బూబమ్మ నన్ను వెంటబెట్టుకుని రేంజ్ ఆఫీసుకు పోయింది. శాలువా మడత పెట్టి సాంబమూర్తి బల్ల మీద పెట్టింది.

"ఇది నువ్వు తీస్కో. మా పిల్లలను ఇడువు."

"అది సన్మానం అమ్మా. వాపసు తీసుకోరు."

"మరి కందకం వాపసు తీసుకుంటవా?"

ఆయన ముఖం మారింది. "బయట కూసో. పిలుస్తా."

బయట అరుగు లేదు, నీడ లేదు. పది గంటలకు కూర్చున్నాం. మధ్యాహ్నం వాన పట్టింది. వరండా ఎక్కబోతే వాచర్ కర్ర అడ్డం పెట్టాడు. పిలుస్తాడని సాయంత్రం దాకా తడిశాం. ఐదింటికి జీపెక్కి మా ముందు నుంచే వెళ్ళిపోయాడు. కిటికీలో నుంచి శాలువా ఆ బల్ల మీదే కనిపించింది, దాని మీద టీ గ్లాసు.

మూడో రోజుకు ఆమె జ్వరం ఊపిరితిత్తులకు ఎక్కింది. దవాఖానాకు పోదామంటే చేయి ఊపింది.

"స్తుతీ, నన్ను ఇవతల పెట్టనియ్యకు."

"గట్ల అనకు బూబమ్మా."

"చెయ్యి ఇటు తే."

నా చేతిని పట్టుకుని, గాజులు తొడిగేవాళ్ళు నొక్కినట్టు, వేళ్ళ మొదళ్ళు ఒత్తి చూసింది. "చదువుకున్న చెయ్యి. మెత్తగున్నది. ఎంత గాజైనా ఎక్కుతది," అంది. మర్నాడు పొద్దున్నే ప్రాణం పోయింది.

సబ్ జైలు నుంచి జానిమియాను పంపలేదు. భద్రాచలం మసీదు నుంచి బాంగు ఇచ్చే ముసలి మౌజన్ సాబు, ఇంకా కొందరు వచ్చారు. సాంబమూర్తి కందకం దగ్గర జీపు ఆపుకుని కూర్చున్నాడు.

"పదిమంది మగోళ్ళు. ఒక్క గంట. రెండు పారలు, లెక్కబెట్టి తీస్కపోవాలె, లెక్కబెట్టి తేవాలె." తరువాత మా వైపు చూశాడు. "మీల ఆడోళ్ళు మట్టికి రారు గదా?"

"రారు," అన్నాడు మౌజన్ సాబు.

రేంజర్ సిగరెట్ ముట్టించాడు.

రెండు తాటి దుంగలు వేసి బూబమ్మ జనాజాను భుజాల మీద దాటించారు. మేము ఇవతల కట్ట మీద ఉండిపోయాం. అప్పటికి చుట్టు గుంపుల నుంచి ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. అరవై ఏళ్ళు ఆమె గాజులు తొడిగిన చేతులు అవి. తల్లులు, బిడ్డలు, వాళ్ళ బిడ్డలు. రెండు వందలకు పైనే. ఎవరూ పిలవలేదు. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు.

అవతల నమాజు అయింది. దించారు. ఒక్కొక్కరు వంగి మూడేసి పిడికిళ్ళ మట్టి ఇస్తున్నారు. మా చర్చిలోనూ మట్టి వేస్తాం. కోయోళ్ళలోనూ పోయిన మనిషికి చెయ్యాల్సింది ఉంటుంది. జంపక్క అప్పటికే కట్ట మీది తడి మన్ను పిడికిట్లోకి తీసుకుంది. తీసుకుని అటూ ఇటూ చూసింది. కందకం మీదుగా అరిచింది.

"సాబూ! మా మట్టి ఏడ వెయ్యాలె?"

మౌజన్ సాబు తలెత్తాడు. కట్ట పొడుగునా నిలబడ్డ ఆడవాళ్ళను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. జీపును కూడా చూశాడు.

"మట్టి యాడనైనా మట్టే అమ్మా," అన్నాడు. "ఉన్నకాడనే ఇయ్యుండ్రి."

జంపక్క కందకం మీద పిడికిలి విప్పింది. కందకం అడుగున తప్పుమని చప్పుడైంది. రెండోది. మూడోది. పక్కనున్నామె వంగింది. ఆ పక్కనామె. నేనూ వంగాను. కాసేపటికి చప్పుడు విడివిడిగా వినిపించడం ఆగి, వాన పట్టినట్టు ఒకటే మోత అయింది. మూడు పిడికిళ్ళు అయిపోయినవాళ్ళు వెనక్కి పోలేదు. "ఇది మా అమ్మ పేరు మీద," అని ఒకామె మళ్ళీ వంగింది. "ఇది జైల్లున్న నా కొడుకు పేరు మీద," అంది జంపక్క. నేను మా నాయన పేరు మీద మూడు ఇచ్చాను. తరువాత ఎవరూ పేర్లు చెప్పలేదు. కట్ట తరిగిపోతూ వచ్చింది.

సాంబమూర్తి సిగరెట్ పారేసి పరుగెత్తుకొచ్చాడు. "ఏయ్! ఏంది ఇది? పారలు ఎవలు తెచ్చిండ్రు?"

జంపక్క రెండు చేతులూ చాపి చూపించింది. మోచేతుల దాకా మన్ను. "గుంజుకుంటవా? చీటీ కట్టుకో."

"నాటకాలా? ఎవరు చెప్పిండ్రు మీకు? లీడర్ ఎవరు? పేరు చెప్పు, రాసుకుంట!"

"రాసుకో. ఖాసింబీ."

"చచ్చినామె పేరా?"

"అవ్. పోయి అడుగు. అవతలే ఉన్నది."

ఆయన వైర్‌లెస్ తీశాడు. ఎన్ని జీపులు అడిగాడో మాకు వినిపించింది. ఆడ కానిస్టేబుళ్ళు కావాలన్నాడు, తుపాకుల వ్యాను అన్నాడు. గోదావరి వంతెన దాటి రావడానికి గంట పడుతుంది. చంటిపిల్లలున్న వాళ్ళు వెనక్కి పోవాలని నేను అన్నాను. ఒకామె పిల్లను వీపుకు గట్టిగా కట్టుకుని మళ్ళీ వంగింది.

వాన మొదలైంది. మౌజన్ సాబూ మిగతా మగవాళ్ళూ తిరిగి వచ్చేసరికి తాటి దుంగల అవసరం పడలేదు. రెండు పారలూ లెక్క ప్రకారం జీపు దగ్గర పెట్టి, ఖాళీ చేతులతో వచ్చి మా వరుసలో నిలబడ్డారు. పూడిన చోట మొట్టమొదట జంపక్క కాలు పెట్టింది. మోకాలి దాకా దిగబడింది. కాలు గుంజుకుని, ఇంకో అడుగు వేసి, చేలో నిలబడి ఒక కంకి విరిచింది.

బొగ్గు లారీల రోడ్డు మీద జీపుల మోత వినిపిస్తోంది. చూసుకుంటే నా అరచేతులు బొబ్బలెక్కి పగిలిపోయి ఉన్నాయి. ఇప్పుడు ఏ గాజూ ఎక్కదు. వంగి ఇంకో పిడికెడు తీసుకున్నాను.