ఏడున్నరకి కట్టే పట్టీ

నేను ఒక బీపీ మిషన్‌ని. చేతికి పట్టీ కట్టి బొత్తాం నొక్కితే గాలి నింపుకుని బిగుస్తాను, రక్తం ఎంత జోరుగా పరిగెడుతోందో అంకెల్లో చెబుతాను. ఎందుకు పరిగెడుతోందో చెప్పే నోరు మాత్రం నన్ను చేసినవాళ్ళు పెట్టలేదు. ఆ ఒక్కటీ ఉంటే మాణిక్యాంబ ఇవాళ బతికి ఉండేది.

సామర్లకోటలో సత్యానందం గారు నన్ను కొన్నది భార్య మాణిక్యాంబ కోసమే. ఆయన ముప్ఫై రెండేళ్ళు రైల్వే గేటుమన్‌గా చేసిన మనిషి, నిమిషం తేడా వస్తే ఒప్పుకోరు. బీపీ రోజూ ఒకే వేళకి చూడమని డాక్టరు చెబితే, సాయంత్రం ఏడున్నర ఖాయం చేశారు. ఆ వేళకి ఆవిడ సీరియల్ చూస్తూ కుర్చీలో కదలకుండా దొరుకుతుంది మరి.

తెర మీద అత్త పాలల్లో విషం కలిపి కోడలికి అందించేది. గ్లాసు పెదాల దాకా వచ్చాక ప్రకటనలు. "ఆగిందిగా, చెయ్యి ఇలా పెట్టవే" అనేవారాయన. పట్టీ కింద ఆవిడ గుండె దడదడ కొట్టుకునేది, అరచేయి చెమట పట్టేది. కళ్ళు చూసిన అబద్ధాన్ని ఒళ్ళు నిజమనే అనుకుంటుంది. నూట డెబ్భై రెండు అని చూపించేదాన్ని. ఆయన క్యాలెండరు మీద రాసేవారు.

నెల తిరిగేసరికి డాక్టరు ఆ క్యాలెండరు చూసి బిళ్ళ పెంచారు. "రోజూ ఏడున్నరకేనండి, తేడా లేదు" అని ఈయన గర్వంగా చెప్పారట. ఎదురుగా ఏం నడుస్తుంటుందని ఎవరూ అడగలేదు. మరుసటి నెల ఇంకో బిళ్ళ.

ఒకరోజు సరిగ్గా ఏడున్నరకి కరెంటు పోయింది. ఆవిడ విసనకర్రతో విసురుకుంటూ చెల్లెలి పెళ్ళి కబుర్లు చెబుతుంటే, ఆయన పట్టీ కట్టారు. నూట నాలుగు. నాకెంత సంతోషమేసిందో. ఇప్పటికైనా తెలుస్తుందనుకున్నాను. ఆయన టార్చి వేసి చూసి, నన్ను రెండుసార్లు తట్టి, "దీని బ్యాటరీలు అయిపోయినట్టున్నాయే" అన్నారు. ఆ అంకె రాయనే లేదు. మర్నాడు కొత్త బ్యాటరీలు వేశారు, సీరియల్ వచ్చింది, నూట డెబ్భై. "చూశావా, ఇప్పుడు సరిగ్గా చెబుతోంది" అన్నారు.

వారం తర్వాత ఆవిడ అంది, "పొద్దున్న లేస్తే కళ్ళు తిరుగుతున్నాయండీ."

"బీపీ ఎక్కువైతే అంతేనే. బిళ్ళలు మాత్రం మానకు."

మానలేదు. తెల్లారి మంచం దిగి, నాలుగడుగులు వేసి, వంటింటి గడప మీద పడిపోయింది. తలకి దెబ్బ. మూడో రోజు ఆస్పత్రిలో పోయింది. పొద్దుటిపూట ఒక్కసారి నన్ను ఆ చేతికి కట్టి ఉంటే చాలు, బిళ్ళలకి అంకె ఎంత కిందికి పడిపోయిందో చూపించేదాన్ని. నేను బీరువా మీద పడి ఉన్నాను.

పాతసామాన్లవాడికి వేసేస్తారనుకున్నాను. వేసినా బాగుండేది. పెద్దకర్మ అయిన మర్నాడు ఏడున్నరకి ఆయన ఆవిడ కుర్చీలో కూర్చుని టీవీ పెట్టారు. ఎన్నడూ చూడని సీరియల్, ఆవిడ చూసేదని. కోడలు ఇంకా గ్లాసు పట్టుకునే ఉంది. ప్రకటనలు రాగానే పట్టీ తన చేతికి కట్టుకున్నారు. ఏం చేయను, ఉన్నదే చూపించాను, నూట అరవై ఎనిమిది.

ఆయన లేచి, క్యాలెండరు మీద ఆవిడ అంకెల కిందే రాసుకున్నారు.

"రేపు డాక్టరుగారికి చూపించాలే" అన్నారు, అలవాటుకొద్దీ, ఆవిడతో.