ఎండాకాలం దారి

నేను ఒక పాత ఫోన్‌ని. ఏదో దూరదేశపు ఫ్యాక్టరీలో, నాలాంటి వేలమందితో పాటు ఒకే రోజున పుట్టాను. నా మొదటి యజమాని విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగి. పదేళ్లుగా రోజూ వెళ్లే ఆఫీసుకి కూడా దారి నన్నే అడిగేవాడు. నేను చెప్పిందంతా విని, తనకు తెలిసిన సందులోంచే వెళ్లేవాడు. నా అద్దం మూల పగలగానే కొత్త ఫోన్ కొనుక్కుని నన్ను నజీరా చేతిలో పెట్టాడు.

నజీరా పాడేరులో ఆశా కార్యకర్తలకు ఫోన్లూ కంప్యూటర్లూ నేర్పే టీచరు. నాలోని పాత సరంజామా అంతా చెరిపేసి ఒక పటం నింపింది. ఆ పటానికి యజమాని లేడు. ముక్కూ మొహం తెలియని లక్షల మంది, ఎవరి వీధిని వాళ్లు, ఎవరి వాగును వాళ్లు గీసి, అందరికోసం ఊరికే వదిలిపెట్టారట. దాన్ని చూపించే ప్రోగ్రామూ అంతే; ఎవరైనా విప్పి చూడొచ్చు, బాగుచేయొచ్చు. నాకు ఒళ్లంటూ ఉంటే ఆ రోజు గగుర్పొడిచేది. సందు కోసం గుద్దులాడుకునే మనుషులేనా ఇంత పని చేసింది!

నజీరా నన్ను పాంగి కాసులమ్మకు ఇచ్చింది. నలభై రెండేళ్ల ఆశా కార్యకర్త. కొండల మీది ఐదు గూడేల బాలింతలూ పసిపిల్లలూ ఆమె బాధ్యత. ఘాట్ రోడ్డు దాటేసరికి సిగ్నల్ పోయింది. అయినా తెరమీది నీలం చుక్క ఆమె అడుగుతో పాటే కదిలింది. పై నుంచి పలికే ఉపగ్రహాల మాట వినడానికి నాకు టవర్లతో పనిలేదు. కాసులమ్మ కళ్లు పెద్దవి చేసి చూసింది. అంతలోనే ముఖం చిట్లించింది.

“నా సుక్కుంది గానీ, మా ఊరేదే? ఈ పటమోళ్లకి మేం కనబడనేదా?”

చుక్క చుట్టూ అంతా తెల్లగా, ఖాళీగా ఉంది.

ఆ వేసవంతా ఆమె నన్ను రవికలో దోపుకుని నడిచింది. నడిచిన చోటల్లా నేను గీత గీశాను. ప్రతి గూడెం దగ్గరా ఆగి, పేరు రెండుసార్లు అడిగి రాసుకునేది. సంతరోజు పాడేరు వెళ్లినప్పుడు నజీరా ఆ గీతలన్నీ పటంలోకి ఎక్కించింది. తన ఊరి పేరు తెరమీద చూసి కాసులమ్మ వేలితో తడిమింది. పక్కనున్నవాళ్లందరికీ చూపించింది.

జూలైలో, ఒక ఉదయం, కాసులమ్మ రాగి చేలో కలుపు తీస్తుండగా గెడ్డ వైపునుంచి కేక వినిపించింది. పరుగెత్తింది. ఏప్రిల్‌లో ఇసుక మీద నడిచి దాటిన ఆ కొండవాగు, ఎర్రటి నీళ్లతో హోరెత్తుతోంది. నడుమ ఒక బండను కావలించుకుని ఒక పడుచుపిల్ల. టీకాలు వేయడానికి వచ్చిన నర్సు. చేలల్లో ఉన్న మగవాళ్లు తాళ్లు తెచ్చారు. నన్ను గట్టున పెట్టి, నడుముకి ఒకటి కట్టుకుని కాసులమ్మే దిగింది. ఇద్దర్నీ ఒడ్డుకు లాగేసరికి ఆ పిల్ల పెదాలు నల్లబడిపోయాయి.

“ఈ నీళ్లలో ఎలా దిగీసినావమ్మా?” కాసులమ్మ ఆమె వీపు రుద్దుతూ అడిగింది.

“దారి ఇటే ఉందక్కా… ఫోన్లో చూసుకునే వచ్చాను.”

కాసులమ్మ చెయ్యి ఆగిపోయింది. గట్టు మీదున్న నన్ను చేతిలోకి తీసుకుంది. గెడ్డకు అడ్డంగా, ఏ సందేహమూ లేకుండా, నేను గీసిన గీత.

“ఆ దారి నేనే గీసినాను,” అంది.

తాడు పట్టిన వంతల లైకోను తాత తెరకేసి చూశాడు. “ఎండాకాలం దారి రాసీసినావు కాసులమ్మా. వానలప్పుడు మేం మెట్టమీంచి కదా ఎల్తాం.”

మర్నాడు వాన పూర్తిగా తెరిపి ఇవ్వకముందే కాసులమ్మ లైకోను తాతని వెంటబెట్టుకుని బయల్దేరింది. నన్ను ప్లాస్టిక్ సంచిలో చుట్టింది. మెట్ట ఎక్కి దిగడానికి మూడు గంటలు పట్టింది. తాత ప్రతి మలుపు దగ్గరా నిలబడి చెప్పాడు, ఆమె రాసుకుంది. పాడేరులో నజీరా కొత్త గీతను ఎక్కించాక, పాత గీత మీద కాసులమ్మ తన చేత్తోనే రాసింది: “వానల్లో ఇక్కడ దిగవద్దు.” ఒక్కో అక్షరం కొట్టడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలుసు.

ఆగస్టులో ఆ నర్సు, సీదరి పుణ్యవతి, మెట్ట మీదుగా వచ్చింది. తడిసింది, రొప్పుతోంది, టీకాల పెట్టె భుజాన భద్రంగా ఉంది. పిల్లలందరికీ సూదులు వేశాక కాసులమ్మ పక్కన కూర్చుంది.

“మా ఊరి వైపు కూడా పటం ఖాళీయే అక్కా. ఎలా గీయాలో నేర్పుతావా?”

కాసులమ్మ నేర్పింది. పుణ్యవతి బయల్దేరేటప్పుడు నన్నూ ఆమెకే ఇచ్చేసింది. తనకు వేరే ఫోన్ వచ్చింది. నాకేమో ఛార్జింగ్ పూటకి మించి నిలవదు.

ఆ పూట చాలు. ఇప్పుడు మళ్లీ ఎండాకాలం. నిన్న పొద్దున పుణ్యవతి తన ఊరి వైపున్న ఒక వాగు దగ్గరికి చేరింది. పాదాలు తడవనంత నీళ్లు. నేను గీత గీయడానికి సిద్ధంగా ఉన్నాను. ఆమె దాటలేదు. బట్టలుతుకుతున్న ఒక ముసలమ్మను పలకరించింది.

“వానాకాలంలో ఇక్కడ నీళ్లు ఎంత వస్తాయమ్మమ్మా?”

ముసలమ్మ లేచి నిలబడి, తడి చెయ్యి తన తలకంటే పైకెత్తి చూపించింది.

పుణ్యవతి ముందుగా అది రాసుకుంది.