కాపలావాడు తలుపులు ఎందుకు తీస్తాడు?

తోముతున్న కుక్కర్ మూత చేతిలో ఉండగానే నోరు జారాను.

“స్పీడు కోసం కాదు. వాడికి నమ్మకం చాలదు, అందుకని,” అన్నాను వంటింట్లోంచి.

హాల్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మా ఆయన మెడ తిప్పి చూశాడు. తెర మీద ఉన్నావిడ కూడా మాట ఆపేసింది. పాత కంప్యూటర్ ఆటల్ని వెతికి, బాగుచేసి, ఎవరైనా ఉచితంగా వాడుకునేలా పంచిపెట్టే బృందంలో పనిచేస్తుంది ఆవిడ. జీతం లేని పని. మా ఆట కోసం కాల్ చేసింది. మా ఆట అని నా నోటికొస్తుంది గానీ, దాని మీద ఉన్నది ఆయన పేరొక్కటే.

చిక్కు చిన్నదే. పెళ్లైన కొత్తలో ఆ ఆట విడుదల చేసినప్పుడు ఆయన ‘ఎవరైనా ఉచితంగా ఆడుకోవచ్చు’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాడు. ఆడుకోవచ్చు సరే, కాపీ చేసి పంచొచ్చా, లోపలి కోడ్ మార్చొచ్చా, అమ్ముకోవచ్చా? అవేవీ చెప్పలేదు. ఇప్పుడు తేల్చి చెప్పాలి. ఆటను తయారుచేసిన ప్రతి ఒక్కరూ చెప్పాలి, ఒక్కరు మిగిలినా చెల్లదు. సాయంత్రంలోగా తేలకపోతే వాళ్ల కొత్త సంకలనంలోంచి ఆటను తీసేస్తారు.

“అంతా నేనే చేశానండీ, ఒంటిచేత్తో,” అని మా ఆయన చెప్పేశాడు. ఆవిడ సంతోషపడి, పనిలో పనిగా ఒక సందేహం అడిగింది. దొంగ తప్పించుకోగానే ఆటలో కాపలావాడు తిన్నగా తన చోటికి పోడు. దారిలో ఉన్న తలుపులన్నీ ఒక్కొక్కటే తీసి చూస్తాడు. అది పొరపాటేమో, సరిచేయమంటారా అని. ఆయనకు తెలీదు. ఆట స్పీడుగా నడవడం కోసం అలా రాశానన్నాడు. నా నోరు జారింది అప్పుడే.

“ఎవరండీ మాట్లాడింది?” అంది ఆవిడ.

“మా ఆవిడ. ఇన్నేళ్లు చూసిందిగా, నాలుగు ముక్కలు ఒంటబట్టాయి,” అని నవ్వాడు ఆయన.

“చూస్తే తెలిసేది కాదండీ ఇది. మేడం, ఆ భాగం మీరు రాశారా?”

సబ్బు చేతులతో గుమ్మంలో నిలబడ్డాను. రాశాను. అప్పట్లో ఇద్దరం ఒకే ఆఫీసులో ప్రోగ్రామర్లం. ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్ మీద గదులు, దొంగ ఆయన చేస్తే, బొమ్మలు, కాపలావాడి బుర్ర నేను చేశాను. పడుకునే ముందు గ్యాస్ కట్టేశానా, కొళాయి కారుతోందా, గడియ పడిందా అని నేను నాలుగుసార్లు లేచి తిరిగేదాన్ని. “నీకేమైనా పిచ్చా?” అనేవాడు ఆయన. ఆ పిచ్చినే కాపలావాడికి పెట్టాను. విడుదల చేసే రోజున, “రెండు పేర్లెందుకు, మనం వేరా?” అన్నాడు. వేరు కాదు కాబట్టి ఆయన పేరు పెట్టాం. పాప పుట్టాక, “ఇద్దర్లో ఒకరు మానెయ్యాలిగా,” అన్నాడు. అప్పుడు మాత్రం ఇద్దరమయ్యాం.

కానీ రేపు ఆయనకు ఇంటర్వ్యూ ఉంది. ఉద్యోగం పోయి ఏడాది దాటింది. పిలిచిన కంపెనీ యజమాని చిన్నప్పుడు ఈ ఆట ఆడాడట, ఒంటిచేత్తో దాన్ని కట్టిన మనిషిని చూడాలన్నాడట. ఎన్ని నెలల తర్వాతో, ఈ ఉదయం గడ్డం గీసుకుంటూ మా ఆయన ఈల వేశాడు.

“లేదండీ. ఆయన చెప్పగా విన్నాను,” అన్నాను.

కాల్ ముగిసింది. సోఫాలో బట్టలు మడతపెడుతున్న మా అత్తగారు నా వైపు చూసింది.

“అంట్లు తోముకునేదానివి తోముకోక, మధ్యలో నీకెందుకమ్మా? రేపు వాడికేదైనా అయితే ఎవర్ని అనాలి?”

“నన్నే అనండి అత్తయ్యా, కొత్తేముంది.”

“అదిగో, ఆ మాటే వద్దన్నది.”

కాసేపటికి కాల్ చేసినావిడ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. ఆయన మెయిళ్లన్నీ నేనే చూస్తాను. “ఒప్పుకుంటున్నానని కొట్టి పంపించెయ్,” అని తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లాడు.

అనుమతి పత్రం చదివాను. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. షరతు ఒక్కటే, తయారుచేసినవాళ్ల పేరు చెరపకూడదు. కింద ఆవిడ ఒక ముక్క రాసింది. ‘మేడం చెప్పారు కాబట్టి కాపలావాణ్ని ముట్టుకోం. వాడు నాకూ ఇష్టం.’

నన్ను నమ్మింది. డబ్బు తీసుకోకుండా పనిచేసే ఇంకో ఆడమనిషి, నా అబద్ధం పునాదిగా పెట్టుకుని వాళ్ల శ్రమంతా దాని మీద పేర్చబోతోంది. నిజం చెబితే మా ఆయన నోటి దగ్గర కూడు లాక్కున్నదాన్నవుతాను, చెప్పకపోతే ఆవిడ పాలిట దొంగనవుతాను. ఎటు చూసినా నాదే తప్పు. తప్పు నాదేనన్న ఊహకు ఎంత అలవాటు పడ్డానంటే, రెండిట్లో చిన్నదేదో ఎంచుకోవచ్చని అప్పటిదాకా తోచనేలేదు. బాత్‌రూంలో మళ్లీ ఈల వినిపిస్తోంది. చెవులు మూసుకోవాలనిపించింది. మూసుకుంటే టైప్ చేయలేను.

‘ఫోన్లో అబద్ధం చెప్పాను, క్షమించండి. తయారుచేసింది ఇద్దరం. కాపలావాడు, బొమ్మలు నావి. నాకు సమ్మతమే.’ నా మెయిల్ నుంచి, నా పూర్తి పేరుతో పంపాను.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చాడు. “పంపించావా?”

“నాది పంపించాను. మీది మీరు పంపండి.”

అర్థం కాక వంగి చదివాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. కుర్చీలో కూలబడి, “రేపొక్కరోజు ఆగలేకపోయావా?” అన్నాడు.

“సాయంత్రం మూసేస్తామన్నారు కదండీ.”

“వాళ్లడిగితే నేనేం చెప్పుకోవాలి రేపు?”

తడి జుట్టుతో, బనీనుతో, ఆయన బాగా పెద్దవాడైపోయినట్టు కనిపించాడు. నా పేరు తీసేయమని ఆవిడకి ఇంకో మెయిల్ కొడితే సరిపోతుంది, ఇంకా టైముంది. ల్యాప్‌టాప్ మూసేశాను.

“ఆట కట్టినవాళ్లని చూడాలన్నారుగా. మీరు చేసింది మీరు చెప్పండి. నేను చేసింది చెప్పడానికి నేనూ వస్తున్నాను.”