లేబుల్ కింద గొంతు

రేపు పొద్దున్నే అక్కకు ఆపరేషన్. కుడిచెవి ఎప్పుడో పోయింది. ఎడమచెవి వెనక గడ్డ తీస్తే ఆ వినికిడీ పోతుందని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఇన్నాళ్లూ ధైర్యం చాలని మనిషి, ఇవాళ తమ్ముడి గేమ్ కన్సోళ్ల రిపేరు షాపులో స్టూలు మీద కూర్చుంది. పోయిన భర్త గొంతు ఒక్కసారి వినాలి.

బావ గేములకు సంగీతం కట్టేవాడు. చివరి గేమ్‌ను పరీక్షించడానికి కన్సోల్‌లో పెట్టే టెస్ట్ కార్ట్రిడ్జ్‌లో తన గొంతు దాచి, పలికించే కిటుకు తమ్ముడికి మాత్రమే చెప్పాడు. సౌండ్ ప్రాసెసర్‌కు సాఫ్ట్‌వేర్ ఇంటరప్ట్ అని ఒక ఆజ్ఞ ఉంది: చేస్తున్న పని ఎక్కడిదక్కడ ఆపి, చెప్పిన చోటికి వెళ్లు. గేములవాళ్లు దాదాపు దాని జోలికే పోరు. బావ ఆ చెప్పిన చోటే గొంతు పెట్టాడు.

"ఏమన్నారో నువ్వు విన్నావా?"

"లేదక్కా. నీకంటే ముందు విన్నా, కాపీ తీసినా దయ్యమై పీక్కుతింటానన్నాడు."

అక్క నవ్వింది. తమ్ముడు కార్ట్రిడ్జ్ పెట్టి, గేమ్ సంగీతం మొదలవగానే నాలుగు బటన్లు కలిపి నొక్కాడు. సంగీతం ఠక్కున ఆగింది. ఆజ్ఞ పనిచేసినట్టే. అక్క ఎడమచెవిని స్పీకరుకు ఆనించింది.

ఏమీ లేదు. మూడుసార్లు చేసినా అంతే.

కార్ట్రిడ్జ్ విప్పాడు. లోపల రెండు చిప్పులు. గేమ్ ఉన్నది భద్రంగా ఉంది. గొంతు ఉన్నదాన్ని, లోపలి రాత చూపించే రీడర్‌లో పెడితే తెరనిండా బారులు తీరిన ఇంగ్లీషు ఎఫ్‌లు. చెరిగిపోయిన చిప్పు అలాగే కనిపిస్తుంది. ఆ ప్రాసెసర్ భాషలో వాటికి ఒకటే అర్థం: ఆగిపో.

చిప్పు నడుమ గాజు కిటికీ బోసిగా మెరుస్తోంది. ఎండ సోకితే లోపలి రాత చెరుగుతుంది. అందుకే దానిమీద లేబుల్ అంటిస్తారు. తమ్ముడికి అప్పుడు గుర్తొచ్చింది. బావ చనిపోయిన నెలలోనే, ఆయన చేతిరాత ఏదైనా ఇమ్మని అక్క అడిగింది. "మా ఆవిడకి" అని బావ రాసిన ఈ చిప్పు లేబుల్‌ను హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, చిరగకుండా ఊడదీసి ఇచ్చింది తమ్ముడే. ఇంకోటి అంటించడం మరిచి, మూత తీసిన కార్ట్రిడ్జ్‌ను ఎండాకాలమంతా షాపు కిటికీ పక్క బెంచీ మీద వదిలేసిందీ తనే.

అక్క పర్సులోంచి ప్లాస్టిక్ తొడుగులో దాచుకున్న ఆ లేబుల్ తీసింది.

"దీన్ని మళ్లీ అంటిస్తే వస్తుందేమో చూడరా."

"చిప్పు పాతదైపోయిందక్కా," అన్నాడు, ఆమె కళ్లలోకి చూడకుండా.

"పోనీ ఆ సంగీతమే పెట్టు. అదీ ఆయనదేగా."

పెట్టాడు. అక్క లేబుల్ ఒళ్లో పెట్టుకుని, షట్టర్ దించే వేళ దాకా స్పీకరు దగ్గరనుంచి కదల్లేదు. తమ్ముడు మళ్లీ ఆ బటన్లు ముట్టుకోలేదు.