ఊడిపడ్డ అన్

రేపల్లె రైలు తెనాలి చేరిందంటే సీతారావమ్మగారికి తలనొప్పి మొదలైనట్టే. అందులోంచి చాంద్ బీ దిగి నేరుగా ఆవిడ ట్యుటోరియల్‌కి వచ్చేస్తుంది. ఎస్సెల్సీలో రెండుసార్లు ఇంగ్లీషు తప్పిన పిల్ల. తప్పక ఏం చేస్తుంది? ఆ పిల్ల దగ్గర ఎవరు ఏ ఇంగ్లీషు మాట అన్నా అతుకుల దగ్గర విడిపోయి, బెండకాయ ముక్కల్లా నేలమీద పడేది.

"అన్‌హ్యాపీనెస్" అని టీచరు నోరు మూసేలోపే అన్ బల్లకింద, హ్యాపీ ఆవిడ ఒళ్లో, నెస్ గుమ్మం దగ్గర.

"ఆ నెస్సులూ మెంట్లూ గడప సందులో ఇరుక్కుంటన్నాయండీ, చీపురుకి రావు" అని ఊడ్చే అన్నమ్మ సణిగేది. అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు. కొందరికి తుమ్ములు, ఈ పిల్లకి ఇది.

"ముందుది ఉపసర్గ, మధ్యది అసలు మాట, వెనకది ప్రత్యయం. ఏదీ, అతికించు."

చాంద్ బీ నేలమీది ముక్కలు ఏరుకొచ్చి, ఇంకేదో మాటలోంచి రాలిన పాసిబుల్‌కి అన్ తగిలించింది.

"అన్‌పాసిబుల్ ఏంటే, నా తలకాయ! అక్కడ ఇమ్."

"కాదనడానికి అన్, ఇన్, ఇమ్, డిస్... ఇన్నెందుకండీ టీచరుగారూ?"

ఆవిడకి ఇంకా మండింది. "పరీక్ష పెట్టేవాళ్లని అడుగు!"

మూడోసారి చాంద్ బీ అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. ఆ వేసవిలోనే బాపట్లలో నర్సు ట్రైనింగుకి ఎంపికలు. వచ్చే ఏడు వయసు దాటిపోతుంది. "వాళ్లు ఇంగ్లీషులో అడిగితే నాకేం తెలుస్తుందమ్మా, మీరే తోడెళ్లండి" అని తండ్రి అబ్దుల్ షుకూర్ బతిమాలితే, తిట్టుకుంటూనే రైలెక్కింది సీతారావమ్మ.

అక్కడి డాక్టరు చాంద్ బీని గోడకి నిలబెట్టి కొలిచాడు. ఎత్తు అరంగుళం తక్కువ.

"అన్‌ఫిట్" అన్నాడు తల తిప్పకుండా.

అన్ ఊడి సీతారావమ్మ కాళ్ల దగ్గర పడింది. బల్ల దగ్గరున్న గుమాస్తాకి ఫిట్ ఒక్కటే వినిపించింది. అదే రాసుకుని, ఎంపికైనవాళ్లలో పేరు ఎక్కించేశాడు. డాక్టరు అప్పటికే ఇంకో పిల్లని గోడ దగ్గరికి పిలుస్తున్నాడు.

చాంద్ బీ కిందికి వంగింది. ఆ ముక్క మీద సీతారావమ్మ టక్కున కాలేసింది.

"కాలు తియ్యండి టీచరుగారూ. అది ఫిట్‌కి ముందు తగిలించాలండి. లేకపోతే అర్థం మారిపోతుంది."

సీతారావమ్మకి ఒళ్లు మండిపోయింది. రెండేళ్లు గొంతు చించుకుని చెప్పినా అంటని పాఠం, ఈ గదిలో, ఈ నిమిషంలో తలకెక్కాలా!

"తెలుసులేవే. నోరు మూసుకుని నడు."

"మరి అది..."

"నడవమన్నానా!"

చాంద్ బీ వెనక్కి చూసుకుంటూ బయటికి నడిచింది. ఆ అన్ అరికాలికి ములుకులా గుచ్చుకుంటున్నా, పిల్ల గుమ్మం దాటేదాకా ఆవిడ కాలు ఎత్తలేదు.