బాగున్నదాన్ని బాగుచేసినోడు

ఎబినేజర్‌కు ఒక జబ్బుంది. బాగున్న వస్తువు కంటపడితే చేతులు ఊరుకోవు, దాన్ని ఇంకా బాగుచేయాలి. సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు ఫిట్టరు. పనిమంతుడే, కాదనను. కానీ పని వచ్చినవాడికి ఎక్కడ ఆపాలో కూడా తెలియాలి కదా! అదొక్కటే అతనికి తెలియదు.

పోయి పోయి యోనా మామ మౌత్ ఆర్గాన్ మీద పడ్డాడు.

యోనా మామ వాళ్ల చర్చిలో ఏళ్ల తరబడి పాట ఎత్తిచ్చిన మనిషి. ఆ గొంతులోనే గడ్డ లేచింది. హైదరాబాదు డాక్టర్లు సోమవారం ఆపరేషన్ అన్నారు. గొంతుపెట్టె తీసేసి మెడకు రంధ్రం పెడతారట. ఇక ఊపిరి తీసినా విడిచినా అక్కడి నుంచే. నోటితో ఊదడమన్నది మళ్లీ ఉండదు. మాట అప్పటికే గుసగుసలోకి దిగిపోయింది. మిగిలింది ఆ మౌత్ ఆర్గాన్ ఒక్కటే. గుడ్ ఫ్రైడే ఆరాధనలో చివరి పాట దాని మీద వాయించి, మర్నాడు బస్సెక్కుతానని పట్టుబట్టాడు.

అది మామూలు మౌత్ ఆర్గాన్ కాదు. పక్కన మీట ఉంటుంది, నొక్కితే అరస్వరం పలుకుతుంది. లోపలి చెక్క పాతబడి గాలి కారుతోందని ఎబినేజర్ కనిపెట్టాడు. "మామకు ఊపిరి తక్కువైంది గదా అత్తా, గాలి కారకుంట చేస్తే సులువుగ పలుకుతది" అని మామ భార్య ఆరోగ్యమ్మను ఒప్పించి పట్టుకుపోయాడు. మామ వద్దంటూనే ఉన్నాడు.

పోనీ, చేసిన పని చూస్తే ముచ్చటేస్తుంది. తుప్పు పట్టిన పైరేకులకు ఖమ్మంలో నికెల్ పూత వేయించాడు. శబ్దం బయటికి బాగా రావాలని వాటి వెనుక సందును వెడల్పు చేశాడు. మేకులు పీకి మరలు బిగించాడు. సంతకు తేనె తెచ్చే జంపక్క దగ్గర మైనం కొని, పల్చగా పారాలని ఇప్పనూనె కలిపి కరిగించి, చెక్క సందులన్నీ పూడ్చాడు. పొద్దుపొద్దున్నే చల్లటి వేళ చేశాడేమో, మైనం చక్కగా గట్టిపడింది. శుక్రవారం తెల్లవారుజామున మామ ఊది చూస్తే, దూదిని ఊదినంత తేలిగ్గా పలికింది. ఆరోగ్యమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఎబినేజర్ నేల మీద నిలబడితే ఒట్టు!

ఏప్రిల్ నెల, భద్రాచలం ఎండ, రేకుల చర్చి, మిట్టమధ్యాహ్నం మొదలై మూడు గంటలు సాగే ఆరాధన. ఈ నాలుగూ ఆ మహానుభావుడికి లెక్కలోకి రాలేదు. దానికితోడు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో మొదటి మాట మీద ప్రసంగం అవుతుండగానే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. జనం పాటల పుస్తకాలతో విసురుకుంటున్నారు. నాలుగో మాట నడుస్తుండగా ఎబినేజర్ పక్కకు చూసి కొయ్యబారిపోయాడు. యోనా మామ తెల్లచొక్కా జేబు కింద నూనెమరక! చూస్తుండగానే అరచేయంత అయింది.

మామను చేయి పట్టి చర్చి వెనక్కి తీసుకుపోయాడు.

మామ జేబులోంచి మౌత్ ఆర్గాన్ తీసి మీట నొక్కాడు. లోపలికి పోయింది, తిరిగి రాలేదు. ఊదాడు. సగం స్వరాలు మూగబోయాయి. మళ్లీ ఊదాడు. బుడగ వచ్చినట్టు చప్పుడైంది, అంతే.

"ఏం జేసినవ్ రా?"

"మైనం కరిగింది మామా."

"వద్దంటి గదరా." ఆ గుసగుసలోనే ఎంత కోపముందో! "కారుతుంటే కారనీ అంటి. నాకు గట్లనే అలవాటైంది అంటి. ఎవడు చెయ్యమన్నడు రా నిన్ను?"

ఎబినేజర్ కొరివితో తల గోక్కున్నాడు, అదీ తన తల కాదు. జేబులో ఎప్పుడూ ఉండే చిన్న స్క్రూడ్రైవరుతో మరలు విప్పి మెట్ల మీద కూర్చున్నాడు. లోపల జిగురు జిగురు. గాలి వెనక్కి పోకుండా స్వరం పలికే కంతల మీద సన్నటి ప్లాస్టిక్ రెక్కలుంటాయి. అవన్నీ ఇత్తడి పలకలకు అతుక్కుపోయాయి. పీకితే గాలి మునుపటికన్నా ఎక్కువ కారుతుంది. పీకకపోతే అసలు పలకదు. లోపల ఐదో మాట అయిపోయింది, దాని వెంట పాడే పాట కూడా అయిపోయింది. పీకాడు. బ్లేడు ముక్కతో మైనం గీకుతుంటే చూపుడువేలు తెగింది. నెత్తురు, నూనె కలిసి పలక మీద జారుతుంటే చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. మర కింద పడిపోతే మోకాళ్ల మీద వెతుక్కున్నాడు. ప్రభువా, ఈ ఒక్క పాట పలికించు, మళ్లీ ఎవరి వస్తువూ ముట్టుకోను అని మొక్కుకున్నాడు.

ఏడో మాట కూడా అయ్యేసరికి ఆరోగ్యమ్మ గుమ్మంలోకి వచ్చింది. "పాస్టరయ్యగారు పిలుస్తుండు. అయిందా?"

"అయింది అత్తా," అన్నాడు. కాలేదని అతనికి తెలుసు.

యోనా మామ ముందుకు పోయి నిలబడ్డాడు. మొదటి చరణం పలికింది. రెండోదానికి స్వరం కన్నా గాలి ఎక్కువ వినిపించింది. మెడ నరాలు ఉబ్బాయి. ఊదుతున్నాడు, ఊదుతున్నాడు, అంతా సందుల్లోంచి పోతోంది. దగ్గు తెర వచ్చింది. మూడో చరణం మధ్యలో చేతులు దిగిపోయాయి. ఆడవాళ్లు పాట అందుకుని ముగించారు. బయటికొచ్చాక ఒకాయన, "కొత్తదా ఏంది యోనా? మెరుస్తుంది మస్తుగ!" అన్నాడు. ఎబినేజర్‌కు చచ్చిపోవాలనిపించింది.

మర్నాడు పొద్దున బస్సు దగ్గరికి పోయాడే గానీ, ముఖం చూపించలేక టీ కొట్టు చాటున నిలబడ్డాడు. ఆరోగ్యమ్మ కిటికీలోంచి కేకేసింది.

"గాడ నిలబడి ఏం జేస్తున్నవ్? జల్దీ రా, మామ పిలుస్తుండు."

తిట్టడానికే అనుకున్నాడు. తిట్టినా బాగుండునని కూడా అనుకున్నాడు. దగ్గరికి పోయి తల వంచుకున్నాడు. యోనా మామ ఊచల మధ్యనుంచి చేయి చాపి, గుడ్డ కట్టిన వేలు పట్టుకుని, కట్టు విప్పాడు. తెగినచోట ఎర్రగా వాచి ఉంది.

"నొస్తుందా?"

"లేదు మామా."

మామ నమ్మలేదు. ఆ వేలిని పెదవుల దగ్గరికి తీసుకుని, కింద పడ్డ పిల్లల మోకాలి మీద ఊదినట్టు ఊదాడు. ఊపిరి చాలక ఆగాడు. మళ్లీ ఊదాడు. ఆరోగ్యమ్మ ముఖం అటు తిప్పుకుంది.

కండక్టరు రైట్ అన్నాడు. బస్సు కదిలింది. ఎబినేజర్ దాని పక్కనే నడుస్తున్నాడు. మామ వేలు వదలలేదు, ఊదుతూనే ఉన్నాడు.